రాళ్ళకొన మీద లైటు

అసెంబ్లీలో జాతీయగీతం ఇంకా పూర్తికాలేదు. నాలుగో తరగతి వరసలో నిలబడ్డ చిట్టితల్లి ఒక్కసారిగా ముందుకు కూలిపోయింది.

ఏప్రిల్ ఎండ. పిల్లలు కళ్ళు తిరిగి పడిపోవడం కొత్తేమీ కాదు. కళ టీచరు నీళ్ళ సీసా పట్టుకుని పరిగెత్తింది. దగ్గరికి వెళ్ళేసరికి ఇది ఎండదెబ్బ కాదని తెలిసింది. పిల్ల కళ్ళు పైకి తేలిపోయాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. పెదవుల చివర నురగ.

కాసేపటికి రంగత్ ఆస్పత్రిలో మంచం పక్కన చిట్టితల్లి తల్లి గురువమ్మ నిలబడి ఉంది. బజారులో చేపల గంప వదిలేసి వచ్చింది. చేతులకు పొలుసులు ఇంకా అంటుకునే ఉన్నాయి.

"రాత్రిళ్ళు నిద్రపోతుందా?" డాక్టరు హిందీలో అడిగాడు.

"మంచమ్మీద తొంగుంటాది సాబ్. కళ్ళు మాత్రం ముయ్యదు. కిటికీకేసి సూస్తానే ఉంటాది. ఎప్పుడో తెల్లారగట్ల కాస్త కునుకేస్తాది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"దాని బాప్ సముద్రంలోకెళ్ళి రాలేదు సాబ్. అప్పట్నుంచీ."

డాక్టరు రాస్తున్న కలం ఆపాడు. పిల్లను పోర్ట్ బ్లెయిర్ పంపి స్కానింగ్ తీయించారు. తలలో ఏ గడ్డా లేదు. తిరిగొచ్చాక ఆయన గురువమ్మను ఎదురుగా కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు.

"మందు రాశాను. కానీ ఈ పిల్లకు నిద్రే సగం మందు. నిద్ర లేకపోతే ఫిట్స్ మళ్ళీ వస్తాయి. రోడ్డు దాటుతున్నప్పుడు రావచ్చు, నీళ్ళ దగ్గర ఉన్నప్పుడు రావచ్చు. అప్పుడు ఎవరూ పక్కన లేకపోతే..."

గురువమ్మకు అర్థమైంది. పిల్ల నిద్రపోవాలి. లేకపోతే పిల్ల దక్కదు.

* * *

గురువమ్మ ఉండే బస్తీ రంగత్ బే దాటాక సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది. అక్కడి వాళ్ళందరి తాతలూ శ్రీకాకుళం తీరం నుంచి వలలు కట్టుకుని ఓడెక్కినవాళ్ళే. బస్తీ ముందు నీళ్ళలో రెండు వరసల రాళ్ళున్నాయి. ఇంజను బిగించిన డోంగీ పడవలు ఒడ్డుకు రావాలంటే ఆ రాళ్ళ మధ్య సందులోంచే రావాలి. దీవుల్లో చీకటి తొందరగా పడుతుంది. శ్రీకాకుళం వైపు వాళ్ళు సాయంత్రం టీ తాగే వేళకు ఇక్కడ సముద్రం నల్లబడిపోతుంది.

అందుకే తాతల నాటి నుంచి ఒక పద్ధతి ఉంది. తిరిగొచ్చే డోంగీ ఆ రాళ్ళు మొదలయ్యే రాళ్ళకొన దగ్గరికి రాగానే మూడుసార్లు లైటు వెలిగించి ఆర్పాలి. ఇంటి కిటికీలోంచి దానికి జవాబు లైటు చూపించాలి. ఆ వెలుగును గురిపెట్టుకుని డోంగీ సందులోకి వస్తుంది. ఒకప్పుడు లాంతర్లు, ఇప్పుడు టార్చీలు. జవాబు మాత్రం ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళే ఇవ్వాలి. చిన్న చెయ్యి చూపించిన దారికి గంగమ్మ అడ్డురాదని బస్తీ నమ్మకం.

తండ్రి అప్పలరాముడి డోంగీకి జవాబు చెప్పే పని చిట్టితల్లిది. టార్చి రెండు చేతులతో ఎత్తగలిగిన రోజు నుంచీ దానిదే.

ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లవారుజామున వేటకు వెళ్ళిన అప్పలరాముడు తిరిగి రాలేదు. ఆ సాయంత్రం స్కూలు ఆటల పోటీల నుంచి వచ్చిన చిట్టితల్లి అలసటతో స్నానం కూడా చేయకుండా నిద్రపోయింది. గురువమ్మ బజారు నుంచి వచ్చేసరికి చీకటి పడింది. లోపల పిల్ల ఇంకా నిద్ర లేవలేదు. ఇంటి ముందు బస్తీ అంతా గుమికూడి ఉంది. మధ్యలో ముసలి యర్రయ్య తడిబట్టలతో కూలబడి ఉన్నాడు.

"మిట్ట మద్దినేల అన్నం మూట ఇప్పుతున్నాను, గురువమ్మా," అన్నాడు యర్రయ్య. "అల్లంత దూరంలో మనోడి నీలం డోంగీ. పక్కనుంచి కెరటం లేచింది. ఒక్కపాలి బోర్లా పడిపోయింది. నేనెళ్ళేతలికి డోంగీ ఉంది, మనిషి లేడు. పొద్దుగూకే దాకా ఎతికినాను."

"నువ్వు సూసింది ఏరేవోడి డోంగీ," అంది గురువమ్మ.

కొన్నాళ్ళకు దక్షిణాన ఎక్కడో నీలం డోంగీ బోర్లా తేలుతూ దొరికింది. మనిషి దొరకలేదు. కోస్ట్ గార్డు వెతకడం ఆపేసింది. పెద్దలు వచ్చి కర్మ చేసేద్దామన్నారు. గురువమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"బర్మా ఒడ్డున పడి, జైల్లో ఉండి, నెలలకి తిరిగొచ్చినోళ్ళు లేరేటి? నా మెళ్ళో పుస్తి తియ్యమన్నోడి నోట్లో మన్ను! ఇంకో మాట. యర్రయ్య మావ సూసినానంటున్నది నా గుంట సిట్టితల్లి సెవిన పడకూడదు. ఎవులింట్లోంచి ఆ మాట బయటికొస్తాదో ఆలింటి గుమ్మానికే నేను ఉరేసుకుంటాను."

గురువమ్మ అన్నంత పనీ చేస్తుందని అందరికీ తెలుసు. బస్తీ నోరు మూసుకుంది. చిట్టితల్లికి తెలిసింది ఒక్కటే. నాన్న సముద్రంలో ఉన్నాడు, ఇంకా రాలేదు.

* * *

జూన్ వానలు మొదలయ్యాయి. వేసవి సెలవులు ముగిసే రోజులు దగ్గరపడ్డాయి. ఒక సాయంత్రం కళ టీచరు గొడుగు వేసుకుని బస్తీకి వచ్చింది. ఆమె పోర్ట్ బ్లెయిర్‌లో గోల్ ఘర్ అమ్మాయి. తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు.

"స్కూలు తెరిచిన రోజు పొద్దున్నే లేపితే ఏ పిల్లా లేవదు దీదీ," అంది కళ. "ఇప్పట్నుంచే అలవాటు చెయ్యాలి. ఏదైనా రోజూ ఒకే టైముకి, ఒకే వరసలో జరగాలి. స్నానం, అన్నం, లైట్లు తగ్గించడం, పడుకోవడం. ఆదివారం కూడా అంతే. కొన్నాళ్ళకు శరీరమే గుర్తుపెట్టుకుంటుంది."

పక్కింటి కామమ్మ గడప మీద కూర్చుని చేప కోస్తూ వింటోంది. "తొంగోడం నేర్పడానిక్కూడా టీచరమ్మ కావాలేటే? మా కాలంలో నడ్డిమీద ఒక్కటిస్తే తెల్లారేదాకా కదిలేటోళ్ళం కాదు."

"అప్పుడు మీ చేతుల్లో మొబైల్ లేదు కదా ఆంటీ," కళ నవ్వింది. "సాయంత్రం లాల్ చాయ్ కూడా పిల్లలకు పోసేవాళ్ళు కాదు."

"చాయ్ కూడా తప్పేనా! ఓలమ్మో, ఈవిడ మనల్ని బతకనిచ్చేటట్టు లేదు."

కళ గురువమ్మ వైపు తిరిగింది. "అయిదు దాటాక ఇంట్లో ఫోను ఉండకూడదు దీదీ. సైలెంట్ కాదు, స్విచ్ ఆఫ్. మీది కూడా. పిల్ల చూస్తుండగా ఆపి డబ్బాలో పెట్టెయ్యండి. మాటివ్వండి."

"ఇచ్చినట్టే మేడమ్. మీరు సెప్పినాక కాదంటానా?"

చిట్టితల్లి కిటికీ దగ్గర మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చుని ఉంది. కళ్ళ కింద నల్లటి గుంటలు. ఎనిమిదేళ్ళ పిల్లలా లేదు, జబ్బుపడి లేచిన ముసలమ్మలా ఉంది. కళ వెళ్ళి దాని పక్కన కూర్చుంది.

"నీకు నిద్ర రావాలంటే ఏం కావాలి, చెప్పు?"

"నాన్న లైట్ కనిపిస్తే తొంగుంటాను మేడమ్," అంది పిల్ల. "పక్కా."

కళ దాని తల నిమిరింది. తండ్రి మీద బెంగ అనుకుంది. గురువమ్మ కూడా అలాగే అనుకుంది.

కళ చెప్పినవన్నీ గురువమ్మ తు.చ. తప్పకుండా చేసింది. చాయ్ ఆపింది. అయిదుకల్లా ఫోను ఆపి బియ్యం డబ్బాలో పెట్టింది. వేణ్ణీళ్ళ స్నానం, వేడి అన్నం, చారు. చిట్టితల్లి దేనికీ పేచీ పెట్టలేదు. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. కళ్ళు మాత్రం కిటికీని వదిలేవి కావు. ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ నూతి గట్టు పక్కన పడిపోయింది. గురువమ్మ పరిగెత్తుకొచ్చేసరికి పిల్ల తల గట్టు రాయికి బెత్తెడు దూరంలో కొట్టుకుంటోంది.

ఆ మధ్యాహ్నమే గురువమ్మ మరిది బాబ్జీ దగ్గరికి వెళ్ళింది. అతను రేవు పాకలో వల బాగుచేసుకుంటున్నాడు. అన్న పోయినప్పటి నుంచి ఈ ఇంటికి బియ్యం, కట్టెలు చూస్తున్నది అతనే.

"బాబ్జీ, రోజూ సీకటి పడగానే రాళ్ళకొన మీంచి మూడుసార్లు లైటెయ్యాల."

"ఎవులికి?"

"గుంటకి."

వల కుడుతున్న చెయ్యి ఆగిపోయింది. "అన్న లైటు నేనెయ్యడమేటి వొదినా? పాపం."

"అది తొంగోకపోతే సచ్చిపోద్ది. అది పాపం కాదేటి?"

"నాన్నొస్తే ఇంటికేడీ అని అడగదా?"

"పెద్ద బోటులో పనికి కుదిరినాడు, దిగనియ్యరు, ఎల్తా ఎల్తా లైటేస్తన్నాడు అంటాను."

"పెద్ద బోటు రాళ్ళ దాకా ఎలగొస్తాది? వొదినా, నీకు మతుండే మాట్లాడతన్నావా?"

"దానికి ఎనిమిదేళ్ళురా. అడగదు."

బాబ్జీ వల పక్కన పెట్టాడు. "ఎన్నాళ్ళేస్తాను?" అన్నాడు చివరికి.

"బేగి సీకటి పడిపోద్ది. ఇయ్యాల్టి నుంచే," అని గురువమ్మ లేచి వచ్చేసింది.

* * *

మొదటి సాయంత్రం చిట్టితల్లి అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయింది.

కొన మీద వెలుగు. ఆరింది. మళ్ళీ వెలుగు. మళ్ళీ.

పిల్ల కంచం తన్నుకుంటూ లేచింది. టార్చి అందుకుని కిటికీలోంచి ఊపింది. ఊపుతూనే ఉంది. "అమ్మా! నాన్న! దేఖో, నాన్న!" గొంతు చీరుకుపోయేలా అరిచింది. గురువమ్మ వెనక నుంచి దాన్ని పట్టుకుని ముందే అల్లుకున్న కథంతా చెప్పింది. పెద్ద బోటు, సెలవు దొరకదు, నువ్వు బాగా చదువుకుని వేళకు తొంగోమన్నాడు. పిల్ల ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

"నేను చూపించిన లైటు నాన్నకు కనబడిందా?" అని మాత్రం అడిగింది.

"కనబడింది తల్లీ."

"పక్కా?"

"పక్కా."

చిట్టితల్లి మంచమెక్కింది. తల దిండుకు తగలగానే నిద్రపోయింది. తెల్లవారి కోడి కూసినా, కామమ్మ సత్తు బిందె దొర్లించినా లేవలేదు. గురువమ్మ రెండుసార్లు వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

స్కూలు తెరిచేనాటికి అలవాటు కుదిరిపోయింది. స్నానం, అన్నం, నాన్న లైటు, జవాబు లైటు, నిద్ర. సూర్యుడితో పాటు తనే లేచి జడ వేయించుకునేది. కళ్ళ కింద గుంటలు పూడాయి. ఫిట్స్ మళ్ళీ రాలేదు. ఎక్కాలు తప్పుల్లేకుండా చెబుతోందని కళ టీచరు ఫోను చేసి మరీ చెప్పింది.

"ఏం చేశారు దీదీ? మిగతా తల్లులకు కూడా చెప్పండి."

"మీరు సెప్పిందే మేడమ్. రోజూ ఒకటే టైము, ఒకటే వరస."

బాబ్జీ రోజూ వెళ్తూనే ఉన్నాడు. కొనకూ బస్తీకీ మధ్య ఒక నాలా ఉంది. సముద్రపు నీళ్ళు మడ అడవిలోకి దూరే పాయ అది. పోటు లేనప్పుడు దాని నోటి దగ్గర ఇసుక మెట్ట తేలుతుంది, మోకాలి లోతులో నడిచిపోవచ్చు. పోటున్నప్పుడు పైనున్న చెక్క వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి. ఆ నాలాలో మొసళ్ళున్నాయని అటవీశాఖవాళ్ళు బోర్డు పెట్టారు. పెద్దవాళ్ళు కూడా ఒంటరిగా దిగరు. బాబ్జీ మాత్రం వంతెన దాకా నడవడానికి బద్ధకించి చాలాసార్లు మెట్ట మీదుగానే దాటేవాడు.

వాన కురుస్తున్నా, జ్వరమొచ్చినా వెళ్ళాడు. ఒకరోజు గురువమ్మ ఇచ్చిన చేపల పులుసు తింటూ తల ఎత్తకుండా అన్నాడు.

"గుంట జవాబు లైటు ఊపుతుంటే సూడలేకపోతన్నాను వొదినా. సచ్చినోడి పని నా సేత సేయిస్తన్నావు."

"సచ్చినోడనకు," అంది గురువమ్మ.

* * *

జూలైలో ఒక రోజు చివరి పీరియడ్. కళ నల్లబల్ల మీద ఒక మంచం, చంద్రుడు గీసింది. పడుకునే ముందు ఏమేం చేస్తారో ఒక్కొక్కరే లేచి చెప్పమంది. ఒకడు కార్టూన్ చూస్తానన్నాడు. ఒకమ్మాయి తమ్ముడితో కొట్లాడతానంది. అందరూ నవ్వారు.

"చిట్టితల్లి, నువ్వు చెప్పు. నీకు మంచి అలవాటుంది కదా!"

చిట్టితల్లి లేచి చేతులు కట్టుకుంది. "స్నానం చేస్తాను మేడమ్. అన్నం తింటాను. తర్వాత నాన్న కొన దగ్గర లైటేస్తాడు. నేను లైట్ చూపిస్తాను. తొంగుంటాను."

కళ చేతిలోని సుద్దముక్క అలాగే ఆగింది. ఆమె ఏదో అనేలోపు వెనక బెంచీ నుంచి యర్రయ్య మనవడు శ్రీను లేచాడు.

"ఝూఠ్ మేడమ్! దీని నాన్న మునిగిపోయాడు. మా తాత చూశాడు. ఆ లైటేసేది బాబ్జీ భయ్యా. నాలా దాటి వెళ్ళడం నేను రోజూ చూస్తున్నాను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"శ్రీను, కూర్చో!" కళ అరిచింది.

చిట్టితల్లి ఏడవలేదు. "నాన్నే మేడమ్," అంది చిన్న గొంతుతో. గంట మోగింది. పిల్లలు బస్సు కోసం పరిగెత్తారు. కళ దాని వెనకే బయలుదేరబోయింది. ప్రిన్సిపాల్ మీటింగ్ అని ప్యూను వచ్చి పిలిచాడు. మీటింగ్ మధ్యలో లేచి వస్తే బాగుండేదని ఆమెకు తర్వాత అనిపించింది. అప్పుడు మాత్రం, అయ్యాక ఫోను చేసి చెబుదాం అనుకుంది.

బయటికొచ్చేసరికి అయిదు దాటింది. గురువమ్మ నంబరు నొక్కింది. స్విచ్ ఆఫ్. మళ్ళీ నొక్కింది. స్విచ్ ఆఫ్.

అయిదు దాటాక ఆపేయాలని మాట తీసుకున్నది తనేనని కళకు గుర్తొచ్చింది. స్కూటీ తీసి వానలోనే బస్తీ వైపు తిప్పింది.

* * *

చిట్టితల్లి ఇంటికొచ్చి మామూలుగానే స్నానం చేసింది. "కామమ్మ మామ్మ ఇంట్లో హోంవర్క్ చేసుకొస్తా," అని పుస్తకం పట్టుకుని వెళ్ళింది. గురువమ్మ పొయ్యి రాజేస్తూ సరేనంది. తడి కట్టెలు. ఊదీ ఊదీ కళ్ళు మండాయి. అన్నం వార్చి తలెత్తేసరికి బయట చీకటి దిగుతోంది.

స్కూటీ చప్పుడు. తడిసిపోయిన కళ గుమ్మంలోకి వచ్చింది.

"దీదీ, చిట్టితల్లి ఏది?"

"కామమ్మత్త ఇంట్లో. ఏటైంది మేడమ్?"

"నా ఇంట్లో లేదే," అంది పక్క గడప మీద నుంచి కామమ్మ. "ఇయ్యాల రానేలేదు."

గురువమ్మ కిటికీ వైపు చూసింది. టార్చి లేదు.

అదే సమయంలో రాళ్ళకొన మీద లైటు వెలిగింది. మూడుసార్లు. కిటికీ చీకటిగా ఉంది. జవాబు మాత్రం వచ్చింది. నాలా నోటి దగ్గర నుంచి, నీళ్ళ మధ్య నుంచి, చిన్న వెలుగు అటూ ఇటూ ఊగింది.

గురువమ్మ అరుస్తూ పరిగెత్తింది. వెనకే కళ. ఇసుకలో కాళ్ళు దిగబడుతున్నాయి. పోటు మొదలై చాలాసేపయింది. ఇసుక మెట్ట మునిగిపోయింది. దాని మధ్యలో చిట్టితల్లి నడుము లోతు నీళ్ళలో నిలబడి టార్చి పైకెత్తి పట్టుకుని ఉంది.

"నాన్నా! నువ్వేనా? బోలో నా, నాన్నా!"

కొన మీద లైటు ఆరిపోయింది. బాబ్జీ గొంతు వినిపించింది. "ఎనక్కెళ్ళిపో! గుంటా, ఎనక్కెళ్ళిపో!"

ఆ గొంతు ఎవరిదో పిల్లకు తెలుసు. టార్చి ఎత్తిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. వెనక్కి రాలేదు, ముందుకూ పోలేదు. నీళ్ళు పొట్ట దాటి పైకి వస్తున్నా కదలలేదు.

బాబ్జీ రాళ్ళ మీద నుంచి దూకాడు. ఈదుకుంటూ వచ్చి పిల్లను నడుము పట్టి ఎత్తి భుజాన వేసుకున్నాడు. ఒడ్డు వైపు నడిచాడు. గురువమ్మ తొడల్లోతు నీళ్ళలోకి దిగి చేతులు చాచింది. అతను పిల్లను అందించాడు.

మరుక్షణం బాబ్జీ నీళ్ళలో చతికిలపడ్డాడు. ఎవరో కాళ్ళ కింది నుంచి నేలను లాగేసినట్టు. అతని ముఖంలో ముందు ఆశ్చర్యం కనిపించింది, ఆ తర్వాతే నొప్పి.

"వొదినా, గుంటని తీస్కుపో," అన్నాడు. నీళ్ళు అతన్ని లాక్కున్నాయి.

కళ కేకకు బస్తీ మొత్తం కదిలింది. అందరికన్నా ముందు వచ్చింది యర్రయ్య. ముసలివాడు తెడ్డుతో నీళ్ళలోకి దిగి నల్లగా కదిలిన చోటల్లా బాదాడు. మిగతావాళ్ళు అరుస్తూ, ఇనుప గాలాలు విసురుతూ దిగారు. తోక ఒకటి నీళ్ళను చీల్చి మడ చెట్లవైపు పోయింది. బాబ్జీని ఒడ్డుకు ఈడ్చారు. ప్రాణం ఉంది. ఎడమ కాలి వైపు ఎవరూ రెండోసారి చూడలేకపోయారు.

* * *

మర్నాడు ఉదయం పోర్ట్ బ్లెయిర్ నుంచి కబురొచ్చింది. బతుకుతాడు. కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

రంగత్ ఆస్పత్రి వరండాలో బల్ల మీద చిట్టితల్లి దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. దాన్ని కూడా డాక్టరు చూడాలన్నాడు. తెల్లవార్లూ రెప్ప వేయలేదు. ఒక పక్క గురువమ్మ, ఒక పక్క కళ. కాస్త అవతల నేల మీద యర్రయ్య.

"కాస్త తొంగో తల్లీ," అంది గురువమ్మ. "మళ్ళీ ఫిట్సొచ్చేస్తాది నీకు."

"తొంగోను."

"ఎందుకే?"

పిల్ల ఎదురుగా గోడను చూస్తూ చెప్పింది. "ఆ రోజు తొంగున్నాను కదమ్మా. ఆటలాడొచ్చి తొంగుండిపోయాను. నాన్న వచ్చి లైటేసే ఉంటాడు. నేను చూపించలేదు. అందుకే నాన్నకు సందు దొరకలేదు. నేను తొంగుంటే అట్లే అవుతుంది."

గురువమ్మకు ఇప్పుడు తెలిసింది. ఇన్ని నెలలు పిల్ల కిటికీలో కూర్చున్నది బెంగతో కాదు. భయంతో. ఆ భయాన్ని తీసేసే మాట ఫిబ్రవరి నుంచీ బస్తీలో ప్రతి ఇంట్లోనూ ఉంది. దాన్ని పిల్ల దాకా రానివ్వనిది తనే.

ఆ మాట చెప్పడమంటే మొగుడు చచ్చిపోయాడని ఒప్పుకోవడమే.

"యర్రయ్య మావా," అంది. "నువ్వు సూసింది దానికి సెప్పు."

యర్రయ్య ఆమెవైపు చూశాడు. నిజంగానే అంటోందా అని ఆగాడు. తర్వాత పాక్కుంటూ వచ్చి పిల్ల కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"మీ నాన్న సాయంత్రం రాలేదమ్మా. లైటు కూడా ఎయ్యలేదు. మద్దినేలే డోంగీ బోర్లా పడిపోయింది. నా కళ్ళతో సూసినాను. అప్పటికి నువ్వు ఇస్కూల్లో ఉన్నావు. మా శ్రీనుగాడితో పరుగు పందెంలో పరిగెడతన్నావు. నువ్వు తొంగున్నా, తొంగోకపోయినా ఒకటే. నీ లైటుతో పనిలేకుండా అయిపోయింది."

చిట్టితల్లి గోడ మీంచి చూపు ముసలివాడి వైపు తిప్పింది. "నేను స్కూల్లో ఉన్నానా?"

"ఇస్కూల్లోనే ఉన్నావు."

"పక్కా?"

"గంగమ్మ తోడు."

పిల్ల తల్లి వైపు తిరిగింది. "నీకు తెలుసా అమ్మా?"

"తెలుసు."

"మరి రోజూ నాన్న చూశాడన్నావు. పక్కా అన్నావు."

గురువమ్మ నోరు తెరిచింది. నువ్వు తొంగోవాలనే అలా సెప్పినాను అనబోయింది. చిట్టితల్లి దుప్పటి లాక్కుని బల్ల మీద జరిగింది. తల్లికి దూరంగా, కళ వైపు. కళ దాని మీద చెయ్యి వేయాలో వద్దో తెలియక అలాగే కూర్చుండిపోయింది.

* * *

బాబ్జీ ఆస్పత్రిలో ఉండగానే కర్మ పెట్టారు. ఇంకా ఆలస్యం చేయవద్దని అతనే కబురు పంపాడు. మనిషి దొరకలేదు కాబట్టి దర్భలతో బొమ్మ కట్టి ఒడ్డున ఇసుక మీద పడుకోబెట్టారు. మబ్బు పట్టిన ఉదయం. సముద్రం బూడిదరంగులో ఉంది. వేటకు ఎవరూ వెళ్ళలేదు.

ఈలోగా చిట్టితల్లికి ఇంకోసారి ఫిట్స్ వచ్చాయి. తల్లితో మాట్లాడటం మానేసింది. అన్నం పెడితే తింటుంది, జడ వేస్తే కూర్చుంటుంది. రాత్రిళ్ళు కిటికీ వైపు చూడటం లేదు. గోడవైపు తిరిగి పడుకుంటోంది. నిద్రపోతోందో లేదో గురువమ్మకు తెలియదు. అడిగే ధైర్యం లేదు.

బొమ్మ దగ్గర పెద్దలు మంత్రం లాంటిదేదో చదువుతున్నారు. ఆడవాళ్ళు గురువమ్మ చుట్టూ కూర్చున్నారు. ఆమె చేతులకు ఇవాళ కూడా గాజులున్నాయి. కాసేపట్లో ఉండవు. అయినా ఆమె కళ్ళు అటు లేవు. కాస్త దూరంలో కళ టీచరు ఒడిలో తల పెట్టుకున్న పిల్ల మీదే ఉన్నాయి.

"బియ్యం ఎయ్యాల. ముందు బిడ్డ సేత ఏయించండి," అన్నాడు పెద్ద.

కామమ్మ దోసిట్లో బియ్యం పట్టుకుని వెళ్ళి వంగి చూసి వెనక్కి వచ్చింది. "గుంట తొంగుండిపోనాది."

అందరూ అటు చూశారు. చిట్టితల్లి నోరు కాస్త తెరిచి, ఒక చెయ్యి ఇసుకలో వేలాడేసి నిద్రపోతోంది. గాలికి జుట్టు ముఖం మీద పడినా చలనం లేదు. పక్కనే మనుషులు ఏడుస్తున్నా, డప్పు మోగుతున్నా చలనం లేదు.

"లేపండి," అన్నాడు పెద్ద. "కన్నతండ్రికి ఆకరు బియ్యం. మళ్ళీ ఎయ్యమన్నా ఎయ్యలేదు."

కళ పిల్ల భుజం మీద చెయ్యి పెట్టబోయింది.

"లేపొద్దు," అంది గురువమ్మ.

"తప్పు కదేటి గురువమ్మా..."

"తప్పైతే నాది. లేపొద్దు. ఆ డప్పు కూడా ఆపించండి."

డప్పు ఆగింది. గురువమ్మ లేచి కామమ్మ దోసిట్లోంచి బియ్యం తీసుకుంది. ఇసుకలో నడిచి దర్భ బొమ్మ దగ్గర కూర్చుంది. పిల్ల వాటా ముందు వేసింది. తర్వాత తన వాటా వేసింది.